బాంబు పడిందా, వేశారా?

తెలుగులో వాన పడుతుంది, మంచు పడుతుంది, పిడుగు పడుతుంది. బాంబు కూడా పడుతుంది. మొదటి మూడింటికీ కర్త అక్కరలేదు; నాలుగవదానికి తప్పనిసరిగా కావాలి. అయినా క్రియ ఒకటే కావడంతో వాక్యంలోంచి కర్త మెల్లగా జారిపోతాడు. "హిరోషిమా మీద బాంబు పడింది" అన్నప్పుడు మనకు ఆకాశం గుర్తుకు వస్తుందే కాని విమానం గుర్తుకు రాదు. "బాంబు వేశారు" అంటే మాత్రం మరుక్షణమే "ఎవరు?" అన్న ప్రశ్న పుడుతుంది. ఈ రెండు క్రియల నడుమ ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం. ఉదాహరణలు మాత్రం కవిత్వం నుంచో కథల నుంచో కాక కంప్యూటర్ ఆటల నుంచి తెస్తున్నాను.

ఆటల గోల మనకెందుకని ముఖం చిట్లించే పెద్దలకు ఒక మనవి. పాత్రధారణ ఆట అంటే బొమ్మలను కాల్చుకుంటూ పోయేది కాదు. ఒక పాత్రను తానే మలచుకొని, అది ఏం మాట్లాడాలో, ఎవరి పక్షాన నిలవాలో, ఎవరిని చంపాలో, ఎవరిని విడిచిపెట్టాలో తానే నిర్ణయించుకుంటూ ఆటగాడు పదుల గంటలపాటు నడిపించే కథ అది. అణుయుద్ధం ముగిసిన తర్వాతి లోకంలో సాగే కథలు వాటిలో ఒక ప్రత్యేక శాఖ. వాటిని మనవాళ్లు ప్రళయానంతర ఆటలంటారు. ఆ మాటతోనే నాకు మొదటి పేచీ. మన పురాణాల్లో ప్రళయం కాలధర్మం. కల్పాంతాన రావలసి ఉంది గనుక వస్తుంది. దానికి ముద్దాయి ఉండడు, సాక్షి ఉండడు, వటపత్రం మీద పసిబాలుడు తప్ప. అణుయుద్ధం అలా వచ్చేది కాదు. ఎవరో గనిలోంచి యురేనియం తవ్వాలి, ఎవరో శాసనసభలో డబ్బు మంజూరు చేయాలి, ఎవరో మీట నొక్కాలి. ప్రళయం అని పేరు పెట్టిన క్షణంలోనే వీళ్లందరికీ క్షమాభిక్ష దొరికిపోతుంది.

కావ్యారంభానికి ఆలంకారికులు మూడు మార్గాలు చెప్పారు: ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం. ఆటల్లో మొదటి రెండింటి జోలి అక్కరలేదు. (తయారీ సంస్థల చిహ్నాలు ఒకదాని వెనక ఒకటి తెరమీదికి వచ్చి దర్శనమిచ్చి పోవడాన్ని ఇష్టదేవతాస్తుతి అనుకుంటే అనుకోవచ్చు.) మిగిలినది వస్తునిర్దేశం. అణుయుద్ధం తర్వాతి కథకు వస్తువేమిటి? నా లెక్కలో ఒక్కటే: ఈ లోకాన్ని ఇలా చేసినదెవరు, వారి చేతిలోని ఆయుధం ఇప్పుడెవరి చేతికి వచ్చింది? ఈ ప్రశ్న వేయని నాంది ఎంత కన్నుల పండువుగా ఉన్నా, ఎన్ని కన్నీళ్లు పెట్టించినా, నాకు అది నాంది కాదు. 1997 నుంచి 2018 వరకు ఫాలౌట్ అనే ఒకే పేరు మీద వచ్చిన ఆటల ఆరంభాలను వరసగా పెట్టి చూడండి. ఆ ప్రశ్న ఎలా అరిగి అరిగి మాయమైందో మీకే కనిపిస్తుంది.

మొదటి ఫాలౌట్‌ను ఇంటర్‌ప్లే సంస్థ 1997లో విడుదల చేసింది. అది ఒక పాతకాలపు నలుపు తెలుపు టీవీతో మొదలవుతుంది. ది ఇంక్ స్పాట్స్ బృందం 1940లో పాడిన "మేబీ" అనే ప్రేమగీతం వినిపిస్తూ ఉంటుంది. తీరికైన గిటారు, మెత్తని గొంతు. టీవీలో ప్రకటనలు వస్తూ ఉంటాయి. ఇంటిపనులు చేసిపెట్టే మరమనిషి, నిగనిగలాడే కారు, యుద్ధం వస్తే కుటుంబంతో సహా తలదాచుకోవడానికి భూగర్భంలో కట్టిన వాల్ట్. వీటి నడుమ ఒక వార్తాచిత్రం. కొత్తగా కలుపుకున్న కెనడాలో మన కుర్రవాళ్లు శాంతిని కాపాడుతున్నారని దాని శీర్షిక. ఉక్కుకవచాలు తొడుక్కున్న ఇద్దరు సైనికులు, వారి ముందు మోకాళ్ల మీద ఒక బందీ. ఒక సైనికుడు అతని తలకు గురిపెట్టి కాల్చి, కెమెరా వైపు తిరిగి చెయ్యి ఊపుతాడు. పాట ఆగదు. తర్వాత కెమెరా నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది. టీవీ ఉన్న ఇల్లు కూలిపోయి ఉంది. ఇంకా వెనక్కి జరిగితే, ఊరే కూలిపోయి ఉంది.

ఆ టీవీ దృశ్యంలో బాంబు లేదు. దాని అవసరమూ లేదు. బందీని కాల్చి చెయ్యి ఊపిన మనిషిని చూశాక, ఆ కాల్పును సరుకుల ప్రకటనల పక్కన పెట్టి ఇంటింటికీ వడ్డించిన సమాజాన్ని చూశాక, శిథిలనగరం మనకు ఆశ్చర్యం కలిగించదు. ఒక వాక్యానికి క్రియాపదం తగిలించినట్టు మాత్రమే ఉంటుంది. తర్వాత నటుడు రాన్ పెర్ల్‌మన్ గొంతులో వ్యాఖ్యానం మొదలవుతుంది. యుద్ధం తన స్వభావం మార్చుకోదన్న ప్రసిద్ధ వాక్యం అందరికీ తెలుసు, టీషర్టుల మీదికి కూడా ఎక్కింది. దాని వెంట వచ్చే మాటలను ఎవరూ పట్టించుకోరు. బానిసల కోసం, సంపద కోసం యుద్ధం చేసిన రోమన్లు. బంగారం మీద, భూమి మీద ఆశతో సామ్రాజ్యం కట్టిన స్పెయిన్. చితికిన జర్మనీని బలమైన రాజ్యంగా మలచిన హిట్లర్. ఆపైన ఇరవై ఒకటవ శతాబ్దం: చమురు కోసం, యురేనియం కోసం చైనా అలాస్కా మీద పడింది, అమెరికా కెనడాను కలుపుకుంది. ప్రతి వాక్యానికీ కర్త ఉన్నాడు, కర్మ ఉంది, ఎందుకు చేశాడన్న కారణమూ ఉంది. ఇంత చిన్న నిడివిలో ఇంత బాధ్యతగా మాట్లాడిన నాందిని ఈ శాఖలో నేను మరొకదాన్ని చూడలేదు.

దీనికి వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. 2077లో మొదటి క్షిపణిని ఎవరు వదిలారో ఆట చెప్పలేదు గదా, మరి కర్త ఎక్కడున్నాడు? సమాధానం తేలికే. మీట నొక్కిన వేలి పేరు చెప్పకపోవడం వేరు, వేళ్లే లేవన్నట్టు కథ చెప్పడం వేరు. మొదటి ఫాలౌట్ వేలు ఏ దేశానిదో చెప్పదు. అలా నొక్కగలిగిన చేతులను తయారుచేసిన కార్ఖానాను మాత్రం తెరమీద తెరిచి చూపిస్తుంది.

ఆ తర్వాత ఆటగాడి చేతికి వచ్చేది జీవితచరిత్ర కాదు, అప్పు. పదమూడవ నంబరు వాల్ట్‌లో నీటిని శుద్ధిచేసే యంత్రం చిప్పు పాడైంది. మరొకటి తెమ్మని అధికారి మనల్ని బయటికి పంపుతాడు. గడువు 150 రోజులు. మన తల్లి ఎవరు, తండ్రి ఎవరు, చిన్నప్పుడు ఏం తిన్నాం అన్న ఊసే లేదు. తలుపు బయట గుహ, ఎలుకలు, ఒక అస్థిపంజరం. దాని పేరు ఎడ్ అనీ, ఎడ్ చచ్చిపోయాడనీ ఆట రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటుంది. మనకన్న ముందు గడప దాటినవాడి కథ అంతటితో సరి. ఇన్ని వందలమంది దాహం మన మీద ఉంది. ఎలా తీరుస్తామన్నది మన ఇష్టం. పాత్రధారణ అంటే ఇదీ. (ఆ అప్పు తీర్చి వచ్చినవాడిని చివరికి అదే వాల్ట్ లోపలికి రానివ్వదు. ముగింపు చెప్పేశానని కోప్పడకండి, ఆట వచ్చి పాతికేళ్లు దాటింది.)

1998లో వచ్చిన రెండవ ఫాలౌట్ నాంది ఇదే దారిలో నడిచి, ఒక మెట్టు పైకి కూడా ఎక్కింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాట నడుస్తుండగా, వాల్ట్ నుంచి బయటికి వెళ్లేవారికి జాగ్రత్తలు చెప్పే బోధనాచిత్రం వస్తుంది. అంతా చిరునవ్వుల బొమ్మలు. తర్వాత నిజంగానే వాల్ట్ తలుపు తెరుచుకుంటుంది. వెలుగులోకి వచ్చిన జనానికి కవచధారులైన సైనికులు ఎదురుపడతారు, ఎదురుపడి కాల్చేస్తారు. యుద్ధం చేసిన ప్రభుత్వం తాలూకు మిగులు ఇంకా బతికే ఉందనీ, దాని అలవాటు మారలేదనీ ఆ ఒక్క దృశ్యం చెప్పేస్తుంది. అంత చక్కగా మొదలుపెట్టి, వెంటనే ఆటగాడిని పరీక్షల ఆలయమనే నేలమాళిగలోకి తోసి, బల్లెం చేతికిచ్చి, చీమలతో తేళ్లతో కుస్తీ పట్టించడం ఏం తెలివో నాకు ఈనాటికీ బోధపడదు. మాటకారి పాత్రను మలచుకున్నవాడు మొదటి అరగంట మాట్లాడే ప్రాణి లేక అల్లాడిపోతాడు. చివర ఎదురయ్యే గ్రామస్థుడిని మాటలతో ఒప్పించవచ్చన్న ఒక్క వెసులుబాటూ లేకపోతే ఆ ఆలయాన్ని మొత్తంగా కొట్టివేయవలసిందే.

ఈ వంశానికి మూలపురుషుడు 1988లో ఇంటర్‌ప్లే తయారుచేసిన వేస్ట్‌ల్యాండ్. సారథి బ్రయాన్ ఫార్గో. ఆనాటి డిస్కుల్లో చోటు చాలక కథలో చాలా భాగాన్ని పేరాలుగా అచ్చువేసి ఆటతోపాటు పుస్తకంగా ఇచ్చేవారు. ఫలానా నంబరు పేరా చదవమని తెరమీద సూచన వచ్చేది. దృశ్యవైభవం సున్న. కాని దాని పూర్వకథలో ఉన్న తెగువ తర్వాతివాటిలో లేదు. అణుయుద్ధం జరిగినప్పుడు ఎడారిలో పనిమీద ఉన్న సైనిక ఇంజనీర్లు బతికిపోతారు. ఆశ్రయం కోసం దగ్గరలోని జైలును ఆక్రమించి, అందులోని ఖైదీలను ఎడారిలోకి వెళ్లగొడతారు. వారి వారసులే డెసర్ట్ రేంజర్లు, అంటే ఆటలో మనం. మన ఇంటి పునాదిలోనే ఒక దౌర్జన్యం ఉందని ఆట మొదలుకాకముందే చెప్పేశారు. ఇక్కడ కర్త ఎవరో దూరదేశపువాడు కాడు, మన తాతే.

దానికి 2014లో వచ్చిన రెండవ భాగం ఒక అంత్యక్రియతో మొదలవుతుంది. ఏస్ అనే రేంజరును చంపినదెవరో కనుక్కొమ్మని మనల్ని పంపుతారు. కొంతదూరం పోగానే రేడియోలో ఒకేసారి రెండు ఆర్తనాదాలు: పంటల పరిశోధన జరిగే వ్యవసాయ కేంద్రం నుంచి ఒకటి, నీటికి ఆధారమైన హైపూల్ అనే ఊరినుంచి ఒకటి. ఒకచోటికి వెళ్తే రెండవది నాశనమవుతుంది. తిండినా నీటినా, దేన్ని కాపాడాలి? ఎంచుకున్నాక రెండవ చోటు నుంచి రేడియోలో కేకలు వస్తూనే ఉంటాయి. ఆటగాడు ఏ మీటా నొక్కలేదు, ఎవరినీ కాల్చలేదు. అయినా ఆ కేకల్లో తన వంతు ఉంది. ఈ రెండు ఆటలకూ ఫాలౌట్‌కు వచ్చిన కీర్తిలో పదవవంతు రాలేదన్నది నా పాత బాధ, దాన్ని ఇక్కడితో ఆపుతాను.

ఇక 2008. ఫాలౌట్ హక్కులు బెథెస్డా చేతికి వచ్చాక వెలువడిన మూడవ భాగం. శిథిలమైన బస్సులో ఒక రేడియో, అందులో మళ్లీ ది ఇంక్ స్పాట్స్, కెమెరా వెనక్కి జరిగితే కూలిన వాషింగ్టన్. మళ్లీ పెర్ల్‌మన్ గొంతు. మొదటి ఆటను శ్రద్ధగా చదువుకున్న విద్యార్థి చేతిరాత ఇది, కాదనను. కాని టీవీ స్థానంలో రేడియో పెట్టడంతో ఏం పోయిందో గమనించండి. టీవీలో సైనికుడు కనిపించాడు. రేడియోలో పాట మాత్రమే ఉంది. శిథిలం ఉంది, దాని సౌందర్యం ఉంది, చేసినవాడు లేడు.

తర్వాత మనం పుడతాం. నిజంగానే, ప్రసవపు గదిలో కళ్లు తెరుస్తాం. తల్లి చనిపోతుంది. తండ్రి గొంతు లియమ్ నీసన్‌ది. ఏడాది వయసులో తప్పటడుగులు, పదవ పుట్టినరోజు, పదహారవ ఏట భవిష్యత్తును తేల్చే పరీక్ష. ఆ పరీక్షలోని వెటకారం మాత్రం నాకు ఎంతో నచ్చింది. ఫలితం నచ్చకపోతే నీకు కావలసింది రాసుకోమని మాస్టారే అంటాడు. ఒక్క పరీక్షతో పిల్లల తలరాత రాసే పద్ధతి తెలుగు ఇళ్లకు కొత్త కాదు గదా. పంతొమ్మిదవ ఏట తండ్రి చెప్పకుండా వెళ్లిపోతాడు. మనం అతని వెనక పరుగెత్తుతాం. వాల్ట్ తలుపు తెరుచుకొని, వెలుగుకు కళ్లు చీకట్లు కమ్మి, మెల్లగా బయటి ప్రపంచం తేరుకునే ఆ క్షణం అద్భుతమని లోకమంతా అంటుంది, నేనూ అంటాను. అయితే ఆ వెలుగులోకి అడుగుపెడుతున్నది ఎవరు? ఒక కొడుకు, లేదా ఒక కూతురు. వందలమంది దాహం మోసినవాడి చోట నాన్న కోసం వెతికే బిడ్డ వచ్చి నిలిచింది. లోకం అంతమైన సంగతి నాన్నను వెతకడానికి వేసిన రంగస్థలమైపోయింది.

ఆ ఆటలో అసలు వస్తునిర్దేశం కాస్త ఆలస్యంగా, మెగాటన్ అనే ఊళ్లో జరుగుతుంది. పేలని అణుబాంబు చుట్టూ కట్టుకున్న ఊరు అది. ఒక పెద్దమనిషి మనకు డబ్బు ఆశ చూపి, ఆ బాంబును పేల్చిపెట్టమంటాడు. కారణం? దూరాన మేడలో ఉండే ధనికుడికి ఆ ఊరు కంటికి ఇంపుగా లేదట. ఒప్పుకుంటే మేడ మీద నిలబడి మీట నొక్కవచ్చు. వేసేది మనమే! జపాన్‌లో విడుదల చేసిన ప్రతిలో ఈ బేరాన్ని తీసేశారు. బాంబు వేయడమంటే ఏమిటో తెలిసిన దేశానికి ఈ దృశ్యం ఆటగా కనిపించదని తయారీదారులకే అనిపించినట్టుంది. మన దేశానికి వస్తే, ఎక్స్‌బాక్స్ 360 మీద ఈ ఆటను భారతదేశంలో విడుదల చేయబోమని మైక్రోసాఫ్ట్ 2008లోనే ప్రకటించింది. సాంస్కృతిక సున్నితత్వం అన్నారే కాని ఏది సున్నితమో విప్పి చెప్పలేదు. ఆటలో రెండు తలల ఆవులుంటాయి, వాటి పేరు బ్రాహ్మిన్. అదే కారణమని అప్పట్లో అందరూ ఊహించారు. జపాన్‌కు అభ్యంతరం బాంబు అయితే మనకు అభ్యంతరం ఆవు అని వాళ్లు అంచనా వేశారన్నమాట. ఈ పోలిక తలుచుకుంటే నాకు నవ్వూ రాదు, ఏడుపూ రాదు.

2010లో వచ్చిన న్యూ వేగస్‌ను రాసినవారు అబ్సిడియన్ సంస్థవారు. వారిలో కొందరు మొదటి రెండు ఆటల కాలంనుంచీ ఉన్నవారే. ఆ తేడా నాందిలోనే తెలుస్తుంది. గళ్లకోటు వేసుకున్న ఒక మనిషి, మన చేతులు కట్టేసి, శ్మశానంలో గొయ్యి తవ్వించి, మర్యాదగా రెండు మాటలు మాట్లాడి, తలలోకి కాలుస్తాడు. 1997లో టీవీలో చూసిన బందీ స్థానంలోకి ఈసారి మనం వచ్చాం. కాల్చినవాడికి ముఖం ఉంది, పేరు ఉంది, కారణం ఉంది. వ్యాఖ్యానం కూడా ఎవరెవరు ఏ ఆనకట్ట కోసం కొట్టుకుంటున్నారో సూటిగా చెబుతుంది. హూవర్ డ్యామ్ కరెంటు, నీళ్లు ఎవరికి దక్కాలన్నదే తగాదా. వైద్యుడి ఇంట్లో కళ్లు తెరిచాక ఆయన అడిగే నాలుగు ప్రశ్నలతో మన పాత్ర తయారవుతుంది. ఉత్తరాలు మోసే మనిషివి అన్న ఒక్క ముక్క తప్ప గతం ఖాళీ. గడప దాటగానే గుడ్‌స్ప్రింగ్స్ అనే చిన్న పల్లె. అక్కడి పెట్రోలు బంకులో ఒక వర్తకుడు దాక్కుని ఉన్నాడు, అతన్ని అప్పగించకపోతే ఊరి మీద పడతామని ఒక ముఠా బెదిరిస్తోంది. ఆ ముఠావాళ్లు ఎవరు? రైలుమార్గం పనికోసం ప్రభుత్వం డైనమైట్ చేతికిచ్చిన ఖైదీలు. అదే డైనమైట్‌తో జైలు బద్దలుకొట్టుకొని వచ్చారు. చూశారా, మొదటి గంటలోని చిన్న తగాదాకు కూడా ఒక కర్త, అతని వెనక మరొక కర్త. మనం పల్లె పక్షాన నిలవవచ్చు, ముఠా పక్షాన నిలవవచ్చు, ఎవరి గొడవ వారిదని రోడ్డెక్కి పోవచ్చు. పోనిస్తుంది ఆట. ఆ పోనివ్వడంలోనే దాని గౌరవం ఉంది.

ఇంత చెప్పాక 2015 నాటి నాలుగవ ఫాలౌట్ దగ్గరికి రాక తప్పదు. దీని నాందే అన్నింటిలో గొప్పదన్న వాదాన్ని నేను ఎన్నోసార్లు విన్నాను. యుద్ధానికి ముందటి లోకాన్ని మొదటిసారి మన కళ్లతో చూపించింది, బాంబు పేలడాన్ని మొదటిసారి మన ఎదుట నిలబెట్టింది, పోయినదేమిటో తెలిస్తే గదా పోయినందుకు దుఃఖం కలిగేది అంటారు. సరే, ఏం చూపించిందో చూద్దాం.

మొదట ఒక సైనికుడి స్వగతం. 1945లో తన ముత్తాత తండ్రి సైన్యంలో ఉంటూ, భార్య దగ్గరికి, తాను ఇంకా చూడని కొడుకు దగ్గరికి ఎప్పుడు వెళ్తానా అని ఎదురుచూశాడట. హిరోషిమా, నాగసాకిల మీద అమెరికా అణుబాంబులు వేసి యుద్ధం ముగించడంతో ఆయన కోరిక తీరిందట. వ్యాకరణరీత్యా ఈ వాక్యంలో కర్త ఉన్నాడు, నాకు అభ్యంతరం లేదు. కాని కర్మ ఏమైంది? ఆ రెండు నగరాల్లో ఉన్నవాళ్లు ఏమయ్యారు? వాక్యం పూర్తయ్యేసరికి మనకు మిగిలినది ఇంటికి చేరిన ఒక తండ్రి. ఆట మొత్తానికి ఇదే వస్తునిర్దేశం. లోకంలో ఏ విపత్తు జరిగినా దాన్ని మా ఇంటి కొలబద్దతోనే కొలుస్తాం అని.

తర్వాత అద్దం. భార్యాభర్తలు ముఖాలు సరిచూసుకుంటారు, మనం ముక్కూ దవడా దిద్దుతాం. శుభ్రమైన ఇల్లు, ఊయలలో పసివాడు, కాఫీ అందించే మరమనిషి. మొదటి ఆట టీవీలో వెటకారంగా అమ్మిన సరుకే ఇది. ఇక్కడ ఇంటి సభ్యుడైపోయింది. టీవీలో వార్తలు చదివేవాడి గొంతు కంపిస్తుంది, ఎక్కడెక్కడో పేలుళ్లు జరిగాయంటాడు. ఆ గొంతు రాన్ పెర్ల్‌మన్‌ది. నాలుగు ఆటల్లో యుద్ధం మీద తీర్పు చెప్పిన కంఠాన్ని తెచ్చి, పేలుళ్లు జరిగాయని భయపడే వార్తాహరుడిగా కూర్చోబెట్టారు! జరిగాయి. పడ్డాయి. నేను మొదట చెప్పిన క్రియలే. ఆ వీధిలోంచి పరుగెత్తి వాల్ట్ చేరేదాకా ఆ ఉదయం మీద ఎక్కడా మరక లేదు. కెనడాలో బందీలను కాల్చిన దేశం ఇదేనని, ఈ ఇంటాయన పనిచేసింది ఆ సైన్యంలోనేనని, నాంది ఒక్కసారీ గుర్తు చేయదు. అద్దంలో ముఖం చూసుకునే మనిషిని ఆట అడగవలసిన మొదటి ప్రశ్న "నువ్వక్కడ ఏం చేశావు?" అన్నది. అది అడిగింది ముక్కు ఎంత పొడవుండాలని.

న్యాయానికి ఒక మాట ఒప్పుకోవాలి. వాల్ట్ ద్వారం దగ్గర జాబితాలో పేరులేని జనాన్ని సైనికులు ఆపేసే దృశ్యం గొప్పది. ఆ ఉదయమే మన గుమ్మంలోకి వచ్చి వాల్ట్‌లో చోటు ఖాయం చేసిన అమ్మకందారునే లోపలికి రానివ్వరు. రెండు శతాబ్దాల తర్వాత అతనే ఒళ్లంతా కాలిపోయిన ముఖంతో ఒక హోటల్ గదిలో మనకు మళ్లీ తారసపడతాడు. ఆ మనిషి కళ్లతో ఆట మొదలైవుంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. కాని మనం జాబితాలో ఉన్నవాళ్లం. వేదిక కిందికి దిగుతుండగా తల మీదుగా పేలుడు గాలి వీస్తుంది, తుపాను తప్పించుకున్నట్టు తప్పించుకుంటాం. లోపల మనల్ని మోసగించి చలిపెట్టెల్లో గడ్డకట్టిస్తారు. అదీ ఒక ఘోరమైన నేరమే. దాని గురించి ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా, ఒకడు వచ్చి మన జీవితభాగస్వామిని కాల్చి బిడ్డను ఎత్తుకుపోతాడు. ఇక మన కథ ఆ బిడ్డ కథ. కోట్లమందిని చంపిన యుద్ధం ఒక ఇంట్లోని అపహరణకు ముందుమాటగా కుదించుకుపోయింది. పైగా బిడ్డ కోసం అల్లాడవలసిన తల్లో తండ్రో దారిలో పాత డబ్బాలు ఏరుకుంటూ, పల్లెల్లో మంచాలు బిగిస్తూ నెలలు గడుపుతుంటే, ఆ దుఃఖం నిజమని ఎవరు నమ్ముతారు? జీవితచరిత్రను బలవంతంగా తగిలిస్తే ఇదే ఫలితం. పాత్రా నిలవదు, ధారణా నిలవదు.

పోయినది తెలిస్తేనే దుఃఖం అన్న వాదానికి నా జవాబు ఇది. మొదటి ఫాలౌట్ కూడా పోయిన లోకాన్ని చూపించింది. కాకపోతే ఆ లోకం ఎందుకు పోయిందో అదే తెరమీద చూపించింది. నాలుగవది పోయిన లోకాన్ని మాత్రమే చూపించి, దాని తప్పును కడిగి ఇచ్చింది. బాంబును చూపడం మీద నాకు పగ లేదు. 2024లో వచ్చిన ఫాలౌట్ టీవీ ధారావాహిక కూడా లాస్ ఏంజెలెస్‌లో పిల్లల పుట్టినరోజు వేడుక నడుమ బాంబులతోనే మొదలైంది. అక్కడా తండ్రి ఉన్నాడు, కూతురు ఉంది, పరుగు ఉంది. కాని ఆ మొదటి విడత ముగిసేలోపు కథ వెనక్కి వెళ్లి, వాల్టులు అమ్ముకునే వ్యాపారులు గదిలో కూర్చుని, యుద్ధం రాకపోతే తామే బాంబు వేయవచ్చునని చర్చించుకోవడం చూపింది. వేడుకలో మెరిసిన మెరుపుకు చివరికి ఒక బల్ల, దాని చుట్టూ కుర్చీలు, వాటిలో మనుషులు దొరికారు. బెథెస్డావారి ఆట చేయలేనిది దాని మీద తీసిన ధారావాహిక చేసింది.

ఇదంతా అమెరికావాళ్ల ఇంటి తగాదా, మనకేమిటి అనేవారికి ఒక్కటే గుర్తు చేస్తాను. 1974లో పోఖ్రాన్‌లో జరిపిన అణుపరీక్షకు బుద్ధుడి చిరునవ్వు పేరు పెట్టుకున్న దేశం మనది. 1998 మే నెలలో మళ్లీ పరీక్షలు జరిపినప్పుడు వీధుల్లో మిఠాయిలు పంచుకున్నాం. ఆ సంవత్సరమే వచ్చిన ఆటలో చిరునవ్వుల బోధనాచిత్రం తర్వాత ఏం జరిగిందో పైన చెప్పాను. మన పిల్లలు ఇప్పుడు ఈ ఆటలు హైదరాబాదులోనూ ఆడుతున్నారు, డాలస్‌లోనూ ఆడుతున్నారు. అణ్వస్త్రాన్ని వాళ్లు మొదటిసారి చూసేది పాఠ్యపుస్తకంలో కాదు, ఈ తెర మీద.

2018లో వచ్చిన ఫాలౌట్ 76తో ఈ వరస ముగుస్తుంది. యుద్ధం జరిగిన పాతికేళ్లకు, 2102లో, వేడుక చేసుకున్న మరునాడు వాల్ట్‌లో ఆలస్యంగా నిద్రలేస్తాం. మిగిలినవాళ్లంతా అప్పటికే వెళ్లిపోయారు. దేశాన్ని మళ్లీ నిర్మించమని చెప్పి తలుపు తెరుస్తారు. విడుదలైన నాడు బయట మాట్లాడడానికి కథలోని మనిషి ఒక్కడూ లేడు. రికార్డు చేసిన గొంతులు, మరమనుషులు, తోటి ఆటగాళ్లు మాత్రమే ఉండేవారు. మనుషుల పాత్రలను 2020లో చేర్చారు. ఆ ఆటలో బాగా ఎదిగిన ఆటగాళ్లకు ఒక పని ఉంది. సంకేతాలు సేకరించి, క్షిపణులు దాచిన మూడు స్థావరాల్లో ఒకదానిలోకి చొరబడి, పటం మీద తమకు నచ్చినచోట వేలు పెట్టి అణుబాంబు వేయవచ్చు. వేసిన చోట బలమైన జంతువులు, అరుదైన మొక్కలు పుట్టుకొస్తాయి. చుట్టుపక్కల ఆడుతున్నవాళ్లందరూ కవచాలు తొడుక్కుని, ఏరుకోవడానికి సంచులతో అక్కడికి పరుగెత్తుతారు.